తడవకూడని గడ్డి

"ముట్టుకోకండి!"

ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి, ఇల్లాలు కిటికీ పక్కనుంచి. ఇన్‌స్పెక్టర్ బెంగ వేలిముద్రల గురించి. ఇల్లాలి బెంగ గడ్డి గురించి.

డిటెక్టివ్ చాచిన వేలిని వెనక్కి తీసుకుంది. ఊళ్ళో అందరూ ఆమెను భూతద్దం అంటారు. అసలు పేరు గుర్తింపు కార్డులో భద్రంగా ఉంది, దాని జోలికి ఎవరూ పోరు. బీమా కంపెనీలో పనిచేసినన్నాళ్ళూ కాలిన గోదాముల్లోనూ మునిగిన లారీల్లోనూ తిరిగి తిరిగి, కంటికి కనపడేది సగమేననీ, మిగతా సగం వేలితో తాకితే కానీ తేలదనీ ఆమె ఒక నమ్మకం పెంచుకుంది. ఆ నమ్మకం వల్ల చాలా కేసులు తేలాయి. రెండుసార్లు కరెంటు షాకు కూడా కొట్టింది.

"సరే, ముట్టుకోను. కానీ ఇవి నీళ్ళు కావంటే మాత్రం నమ్మను," అంది.

గది మధ్య బల్ల మీద ఒక రిజర్వాయరు ఉంది. మంచమంత పొడుగు. ఒక పక్క కొండలు, ఒక పక్క మట్టికట్ట, కట్ట మీద అగ్గిపుల్లల్లాంటి రెయిలింగు, కట్టకు ఇవతల ఊరి ఇళ్ళు. ఒడ్డు దగ్గర నీళ్ళ అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. లోపలికి పోయేకొద్దీ పచ్చదనం నీలంలోకి తిరిగి, ఆ తర్వాత ఏమీ కనపడదు. పైన చిన్న అలలు, ఇప్పుడే గాలి తగిలి వెళ్ళినట్టు. ఎవరైనా వంగి చూస్తే చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

"రెజిన్," అంది ఇల్లాలు, ఇంత దుఃఖంలోనూ కాస్త గర్వంగా. "తేనెలా ఉంటుంది. అందులో గట్టిపడే మందు కొలత ప్రకారం కలిపి, పలచగా పొరలు పొరలుగా పొయ్యాలి. ఒక్కో పొర ఆరడానికి ఒక రోజు. అడుగు పొరకి ముదురు రంగు, పైకి వచ్చేకొద్దీ తేట. అంతా ఒకేసారి పోసేస్తే వేడెక్కి పగిలిపోతుంది. ఆ అలలు మాత్రం చివర్న జిగురు రాసి, కుంచెతో పొడిచి లేపినవి."

"గడ్డి?"

"నైలాన్ పోగులు. నేనే రంగులు కలుపుతాను. గడ్డి జల్లెడలో పోసి కరెంటు పెడితే పోచలు ఎగిరి జిగురులో నిటారుగా నిలబడతాయి. అన్నీ తలెత్తుకుని నిలబడతాయి, చూస్తే ముచ్చటేస్తుంది. పక్కన మనిషి నిలబడితే వాడి మీదకీ ఎగురుతాయి, అదొక్కటే పీడ."

"మేడం," అన్నాడు ఇన్‌స్పెక్టర్, "క్లాసు అయిపోయిందా? మధ్యాహ్నం నేను ముద్దాయిని కోర్టులో పెట్టాలి."

ఆ ముద్దాయి జీపులో బేడీలతో కూర్చుని ఉన్నాడు. ఈ ఇల్లాలికి మరిది. అతని అన్నగారే ఈ రిజర్వాయరు చేసిన డ్రాయింగ్ మాస్టారు. మొన్న సాయంత్రం మాస్టారు ఈ బల్ల పక్కనే తల పగిలి పడి ఉన్నాడు. అక్కగారింటి నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఇల్లాలు చూసి ఆస్పత్రికి చేర్చింది. ఇంతవరకూ ఆయన కళ్ళు తెరవలేదు. అన్నదమ్ములు ఇద్దరూ ఆ మధ్యాహ్నం గట్టిగా అరుచుకోవడం పక్కింటివాళ్ళు విన్నారు. తమ్ముడు తలుపు దబాలున వేసి వెళ్ళడం చూశారు. పోలీసులకు ఇంతకన్నా ఏం కావాలి? ఆ రాత్రే తమ్ముణ్ణి పట్టుకెళ్ళారు, గదికి తాళం వేసి సీలు పెట్టారు.

ఇల్లాలు మాత్రం నిన్న పొద్దున్నే భూతద్దం ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. "మా మరిది నోరు పెద్దది, చెయ్యి కాదు. వాణ్ణి నా చేతుల్తో పెంచాను," అంది. కోర్టుకి వెళ్ళేలోగా ఏదో ఒకటి తేల్చమంది. ఇన్‌స్పెక్టర్ అనుమతి ఇచ్చింది కూడా దయతో కాదు. పోయినేడాది బట్టల కొట్టు తగలబడ్డ కేసులో భూతద్దం ఆయన పట్టుకొచ్చిన దొంగను అమాయకుడని తేల్చేసింది. ఈసారి ఆమె కళ్ళముందే కేసు మూసి కసి తీర్చుకోవాలని ఆయన ఉబలాటం.

"కేసు ఇదిగో, ఇక్కడుంది," అని ఇన్‌స్పెక్టర్ లాఠీ కొసతో బల్ల మీద ఒక మూల చూపించాడు.

కట్టకు ఇవతల వైపు, ఊరి వైపు వాలు మొత్తం గడ్డి ఎండి పసుపు పచ్చగా ఉంది. కట్ట అడుగున ఒకచోట మాత్రం అరచేయంత మేర గడ్డి నవనవలాడుతూ పచ్చగా ఉంది. పోచల మొదళ్ళు నల్లగా, నూనె కారినట్టు మెరుస్తున్నాయి. వాటి మధ్య పలచటి నీటి మడుగు.

ఇల్లాలు మొహం తిప్పుకుంది. ఇంట్లో ఎవరో చెయ్యకూడని పని చేస్తే పరాయివాళ్ళ ముందు తిప్పుకునే తీరు అది.

"ఏమైందిక్కడ?" అడిగింది భూతద్దం.

"పాడైపోయింది. ఏ పోటీలో పెట్టినా ఈ ఒక్క మూల చూసి పక్కన పడేస్తారు. నీళ్ళు పోసి, అవి రాయిలా గట్టిపడ్డాకే గడ్డి నాటాలి. ముందు గడ్డి నాటి ఆ తర్వాత పోస్తే, వత్తిలోకి నూనె పాకినట్టు రెజిన్ పోచల్లోకి ఎక్కేస్తుంది. మొదళ్ళు ఇలా నల్లబడతాయి. కొత్తవాళ్ళంతా పప్పులో కాలేసేది ఇక్కడే. ఆయన చేత ఈ తప్పు జరగదు. చచ్చినా జరగదు." అనేసి, ఆ మాట అన్నందుకు తనే ఉలిక్కిపడి నోరు మూసుకుంది.

"విన్నారుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మాస్టారు చెయ్యలేదు. తమ్ముడు కోపంతో రెజిన్ డబ్బా బొమ్మ మీద పారబోశాడు. అన్న అడ్డం వచ్చాడు. తోపులాట. బల్ల మూలకు తల తగిలింది, రక్తం కూడా ఉంది. డబ్బా మీద తమ్ముడి వేలిముద్రలు. పైగా 'నా వల్లే' అని వాడే ఏడుస్తూ ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి మీకు?"

"ఒప్పుకున్నవాణ్ణి లోపలికి పిలవండి. ఏమని ఒప్పుకున్నాడో వినాలనుంది."

"మీ భూతద్దంతో చూస్తే చీమ కూడా ఏనుగే మేడం."

"మీరు దాన్ని తిరగేసి చూస్తారు సార్. ఏనుగు ఎదురుగా ఉన్నా చీమలా కనపడుతుంది."

గుమ్మం దగ్గర కానిస్టేబులు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ అతనికేసి ఒక చూపు చూసి, "తీసుకురా వాణ్ణి," అన్నాడు.

తమ్ముడు వచ్చాడు. భారీ మనిషి, రెండు రోజుల్లో సగమైపోయాడు. వదినను చూడగానే తల వంచుకున్నాడు.

"తిన్నావా?" అంది వదిన.

"తిన్నాను వదినా."

"అబద్ధం."

భూతద్దం మధ్యలోకి వచ్చింది. "అన్నయ్యతో దేనికి గొడవ పడ్డావయ్యా?"

"బొమ్మ ఇచ్చెయ్యమన్నానండి. వాటర్ వర్క్స్ ఇంజనీరు గారు ఊపిరాడనివ్వడం లేదు. వాళ్ళ ఆఫీసు హాల్లో రేపు పెద్దవాళ్ళందరినీ పిలిచి దీన్ని చూపించాలట. అన్నయ్యేమో ఇంకా అవలేదంటాడు. రోజూ పొద్దున్నే కట్ట మీదకి పోతాడు, చూసొస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు. నాకు ఒళ్ళు మండి, 'ఎన్నిసార్లు కొలుస్తావు ఆ కట్టని, దానికి చొక్కా ఏమైనా కుట్టిస్తావా' అన్నాను. అన్నయ్య నన్ను ఎప్పుడూ తిట్టడు. ఆవేళ తిట్టాడు. 'తెలియకపోతే నోరు మూసుకో' అన్నాడు. నేను తలుపు వేసేసి పోయాను."

"మరి నీ వల్లే ఎలా అయింది?"

"రిజర్వాయరు చివరి పొర నా చేతే పోయించాడు. అదయ్యాక రెజిన్ డబ్బా బల్ల అంచున పెట్టి మరిచిపోయాను. తలుపు దబాలుమన్నప్పుడు అది దొర్లిపోయుంటుంది. అన్నయ్య పట్టుకోబోయి..." బేడీల చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు. "నిన్న సార్ ఇక్కడికి తీసుకొచ్చి ఈ మడుగు చూపించారు. చూడగానే అర్థమైపోయింది నాకు."

"మడుగు అంతకుముందు చూడలేదా?"

"ఆ మూల ప్లాస్టిక్ గిన్నె బోర్లించి ఉందండి. దుమ్ము పడకుండా పెడతారు కదా. దాని జోలికి వెళ్ళొద్దన్నాడు అన్నయ్య."

భూతద్దానికి ఎక్కడో దురద పుట్టింది. ఆ దురద పుడితే ఆమెకు తిండీ నిద్రా ఉండవు. బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి మూతలోకి కాసిని నీళ్ళు ఒంపుకుని, "అమ్మా, ఇక్కడ ఏ బొమ్మా లేని చోట ఒక్క చుక్క వెయ్యొచ్చా?" అని ఇల్లాలిని అడిగింది. ఇల్లాలు గుండె చిక్కబట్టుకుని తలూపింది.

బల్ల అంచున, మడుగుకు జానెడు దూరంలో, ఖాళీ చెక్క మీద చుక్క పడింది. పడీ పడగానే బయల్దేరి, జరజరా జారి మూలకు పోయి కింద రాలింది.

"బల్ల ఇటు వాలుగా ఉంది," అంది భూతద్దం.

"నేల అలాంటిదండీ, కొన్నప్పట్నుంచీ అంతే."

"డబ్బా దొర్లినా, ఎవరైనా పారబోసినా, రెజిన్ కూడా ఇలాగే మూలకు పోవాలి. తేనెలాంటిదన్నారు కదా. మరి ఈ మడుగు ఎందుకు ఆగింది? పైగా ఇక్కడ చూడండి. మూడు వైపులా సహజంగా వంకరటింకరగా ఉంది. వాలు వైపు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. అంచున చిన్న గట్టులా లేచింది కూడా."

ఇల్లాలు కళ్ళజోడు పైకి తోసుకుని వంగింది. ఆ మూలను ఇంతసేపూ సిగ్గుపడుతూ తప్పించుకున్న మనిషి ఇప్పుడు దాని మీదే ముక్కు పెట్టింది.

"టేపు గోడ," అంది మెల్లగా. "నీళ్ళు జారిపోకుండా ముందు టేపుతో గోడ కడతాం. గట్టిపడ్డాక ఊడదీస్తాం. రెజిన్ గోడను పట్టుకుని కొద్దిగా పైకి లేస్తుంది, ఆ అంచు ఇలాగే మిగులుతుంది."

"గట్టిపడ్డాకేనా? తడిగా ఉండగా తీస్తే?"

"అంతా కారిపోతుంది. ఒక రోజు ఆగాల్సిందే."

భూతద్దం ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "సార్, గొడవ మొన్న మధ్యాహ్నం. ఈ గదికి మీరు సీలు వేసింది మొన్న రాత్రి. మధ్యలో ఒక పూట కూడా లేదు. మొన్న మధ్యాహ్నం పోసిన రెజిన్ అయితే టేపు ఇంకా అలాగే ఉండాలి. టేపు లేదు. అంటే గొడవకు ముందే ఎవరో తీరిగ్గా గోడ కట్టి, మడుగు పోసి, ఆరబెట్టి, గిన్నె బోర్లించి, టేపు తీశారు. కోపంతో పారబోసేవాడు ముందు గోడ కట్టుకుని కూర్చుంటాడా?"

ఇన్‌స్పెక్టర్ లాఠీ చంకలో పెట్టుకున్నాడు. తనూ వంగి ఆ అంచు చూశాడు. మనిషి మొండివాడే కానీ గుడ్డివాడు కాదు.

"అయితే నేను పాడు చెయ్యలేదా?" అన్నాడు తమ్ముడు. అతని మొహంలో రెండు రోజుల తర్వాత మొదటిసారి రక్తం ఆడింది.

"నువ్వు చెయ్యలేదు నాయనా," అంది వదిన. వెంటనే ఆమె గొంతులో ఇంకో నొప్పి పలికింది. "ఆయనే చేశారు. ఇంత పనితనం వేరే ఎవరికీ లేదు. నేను కలిపిచ్చిన గడ్డి పక్కనే, నేను లేనప్పుడు, కావాలని ఆయనే ఇంత తప్పు పని..."

"మడుగు సంగతి సరే," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నడుము నిఠారు చేసుకుంటూ. "తల పగిలిన సంగతి? మాస్టారు తనంతట తను పడ్డాడా? తమ్ముడు సాయంత్రం మళ్ళీ రాలేదని ఏమిటి రుజువు?"

అది న్యాయమైన ప్రశ్న. భూతద్దం ఈసారి నిజంగానే భూతద్దం బయటకు తీసింది. మడుగు చుట్టూ గడ్డిని చూసింది. నీళ్ళలో ఉన్న పోచల మొదళ్ళు నల్లగా ఉన్నాయి. వాటి వెనక ఇంకో వరస ఉంది. అవే పచ్చని పోచలు, కానీ మొదళ్ళు పొడిగా, తెల్లటి జిగురు కనపడుతూ ఉన్నాయి. "ఈ వరస మడుగు ఆరాక నాటింది కదూ?"

"అవును. ఇదే చివరి పని. జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు. నేను వచ్చి చూసేటప్పటికి జల్లెడ ఆయన చేతిలోనే ఉంది, నేనే పక్కకి తీశాను." ఇల్లాలు పట్టుకారుతో ఒక్క పోచ లాగి వెలుగుకు పెట్టింది. "ఈ పచ్చ నేను కలపలేదు. నేను ఊరెళ్ళేముందు పసుపు ఒక్కటే కలిపిచ్చాను, ఎండాకాలం కట్ట అలాగే ఉంటుందని ఆయనే అడిగి కలిపించారు. ఇందులో నీలం పాలు ఎక్కువ. తనే ఎప్పుడో కలుపుకున్నారు. అదిగో సీసా, ఖాళీగా ఉంది."

"అంటే ఈ పచ్చ పోగులు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. మొన్న సాయంత్రం జల్లెడ నడుస్తున్నప్పుడు పక్కన నిలబడ్డవాడి ఒంటి మీదే ఉంటాయి. సార్, ఆ రాత్రి మీరు ఇతని బట్టలు తీసుకున్నారు కదా?"

తీసుకున్నాడు. ఆ విషయంలో ఇన్‌స్పెక్టర్ పద్ధతి గల మనిషి. జీపులోంచి సీలు వేసిన కవరు తెప్పించి, తనే విప్పాడు. చొక్కా చేతుల మీద, కాలరు మడతల్లో పోగులు బోలెడున్నాయి. అన్నీ పసుపే. భూతద్దం చూసింది, ఇల్లాలు చూసింది, చివరికి ఇన్‌స్పెక్టర్ కూడా అద్దం లాక్కుని చూశాడు. పచ్చది ఒక్కటీ లేదు.

"బట్టలు మార్చుకున్నాడేమో," అన్నాడు. కానీ ఆ మాటలో ఆయనకే నమ్మకం లేదు.

భూతద్దం వాదించలేదు. ఆమె ధ్యాస అప్పటికే కిటికీ గట్టు మీదకు పోయింది. అక్కడ సీసా మూతలు బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి ఉన్నాయి. వాటిలో రంగు రంగుల నీళ్ళు గట్టిపడి ఉన్నాయి. నీలాలు, పచ్చలు ఒక వరస. విడిగా ఇంకో మూడు మూతలు.

"రంగు చూసుకునే మూతలు," అంది ఇల్లాలు. "బయటికెళ్ళి నీళ్ళు చూసొచ్చిన వెంటనే, మరిచిపోకముందే మూతలో కలిపి పెడతారు. నచ్చితే అదే బొమ్మలో పోస్తారు."

"ఈ నీలాలన్నీ రిజర్వాయరు. మరి ఈ మూడూ ఏ నీళ్ళు?"

మూడింటిలోనూ అదే పచ్చ గడ్డి నాలుగేసి పోచలు నాటి ఉన్నాయి. మొదటి మూతలో నీళ్ళు గాజులా తేట. రెండోదానిలో ఎవరో వేలు పెట్టి కలిపినంత మసక. మూడోదానిలో పాలు తక్కువైన టీ రంగు. భూతద్దం మూడో మూత తీసుకెళ్ళి బల్ల మీద మడుగు పక్కన పెట్టింది. రెండూ ఒకటే.



"అమ్మా, ఒక పిచ్చి ప్రశ్న," అంది భూతద్దం. "మీకు మొదళ్ళు నల్లబడిన గడ్డి కనపడితే పని పాడైందని గుర్తు. నాకు ఈ పని తెలీదు కాబట్టి అడుగుతున్నాను. నిజం గడ్డి మొదట్లో నీళ్ళు నిలిస్తే ఎలా ఉంటుంది?"

ఇల్లాలు నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ మూలకేసి చూసింది.

"ఇలాగే," అంది.

"ఊరంతా ఎండిపోయిన ఎండాకాలంలో, కట్టకు ఇవతల, ఈ ఒక్కచోటే గడ్డి పచ్చగా ఉందంటే?"

"కింద నీళ్ళున్నాయి." ఆమె బల్ల అంచు పట్టుకుంది. "ఆయన తప్పు చెయ్యలేదు. చూసింది చూసినట్టు చేశారు. గడ్డి తడిసినట్టు కనపడాలని కావాలనే ముందు నాటి తర్వాత పోశారు. ఇరవై ఏళ్ళుగా చెయ్యొద్దు చెయ్యొద్దని చెప్పి చెప్పి, నాకు అది తప్పుగానే కనపడింది కానీ..." ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. నవ్వు కూడా వచ్చింది. రెండూ కలిసి వస్తే చీర కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఈ మూడో మూత," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇది ఎప్పటిది?"

"వరసలో చివరిది. మడుగు పోసే ముందు కలిపింది, అటుమొన్నటిదే అయ్యుండాలి. ఎందుకు సార్?"

"మేడం, నా చిన్నప్పుడు మా ఊరి కట్ట తెగింది. మా నాన్న ఆ కట్ట మీద పనిచేసేవాడు. కట్ట అడుగున తేట నీళ్ళు ఊరితే కంగారు లేదనేవాడు. మట్టి కలిసి వస్తే మాత్రం, నీళ్ళు కట్టను లోపల్నుంచి తింటున్నాయని. పైకి గడ్డి పచ్చగానే ఉంటుంది." ఆయన ఆ మూతను వేలితో తాకాడు. ముట్టుకోవద్దని ఈసారి ఎవరూ అరవలేదు.

సరిగ్గా అప్పుడే బయట లారీ ఆగింది. నలుగురు మనుషులు తాళ్ళూ గోనెలూ పట్టుకుని దిగారు. వాళ్ళ ముందు వాటర్ వర్క్స్ ఇంజనీరు, భుజాన గుడ్డ సంచీతో.

"సీలు తీశారని తెలిసింది సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో, చెమట తుడుచుకుంటూ. "బొమ్మ పట్టుకుపోతాం. మిగతా మెరుగులు మా ఆఫీసులో చేయించుకుంటాం. మాస్టారికి ఇలా జరగడం చాలా బాధాకరం."

"చివరిసారి ఆయన్ని ఎప్పుడు కలిశారు?" అడిగింది భూతద్దం.

"పోయిన వారం. ఆ తర్వాత ఇటువైపే రాలేదు."

"ఒక పెన్ను ఉంటే ఇస్తారా?"

ఇంజనీరు సంచీ మూత పట్టుకుని లాగాడు. చర్రుమంటూ వెల్‌క్రో పట్టీ ఊడింది. పెన్ను తీసేలోగా భూతద్దం ఆ పట్టీ మీదకు వంగింది. ఏది తగిలినా వదలని ఆ గరుకు కొక్కేల మధ్య, దువ్వెనలో వెంట్రుకల్లా, పచ్చని పోగులు గుత్తిగా ఇరుక్కుని ఉన్నాయి.

"అమ్మా, మీ పట్టుకారు."

ఇల్లాలు ఒక పోగు లాగింది. వెలుగుకు పెట్టింది. తమ్ముడు, కానిస్టేబులు, లారీ మనుషులు అందరూ ఆమె మొహం చూస్తున్నారు.

"నీలం పాలు ఎక్కువ," అంది ఇల్లాలు. "ఇది ఆయన కలిపిన పచ్చే."

"మొన్న సాయంత్రం జల్లెడ నడుస్తుండగా మీరు ఇక్కడున్నారు," అంది భూతద్దం.

ఇంజనీరు సంచీ వెనక్కి లాక్కున్నాడు. గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో కానిస్టేబులు అడ్డంగా నిలబడ్డాడు, ఈసారి దగ్గకుండా.

"కొట్టలేదు," అన్నాడు చివరికి. "దేవుడి మీద ఒట్టు, కొట్టలేదు. ఆ ముక్క ఒక్కటి పీకెయ్యండి మాస్టారూ అని బతిమాలాను. కట్ట బాగుందని నేను సంతకం పెట్టి ఏడాది కాలేదు. అందరి ముందూ ఈ బొమ్మ పెడితే నా గతేం కాను? ఆయన వినలేదు. నేనే పీకబోతే బల్లకి అడ్డం నిలబడ్డాడు. పక్కకు తోశాను. అంతే. పడిపోయాడు. భయమేసి వెళ్ళిపోయాను."

తమ్ముడు బేడీల చేతులతోనే ముందుకు ఉరికాడు. వదిన అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"కట్ట?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కట్టకి ఏం చేశావు?"

"నిన్న దగ్గరుండి ఇసుక బస్తాలు వేయించాను సార్. పైన పచ్చిక పరిపించాను. ఊట ఆగిపోయింది. నా కళ్ళతో చూశాను, చుక్క రావడం లేదు."

"ఆగదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అక్కడ మూసేస్తే ఇంకోచోట లేస్తుంది. ఇంకా కిందికి, ఇంకా పల్లంలో."

భూతద్దం చూపు మడుగు దగ్గర్నుంచి కిందికి జారింది. టేపు గోడ తీసిన అంచు దాటాక, వాలు వెంబడి, ఇందాక తను వేసిన నీటి చుక్క పోయిన దారిలోనే ఒక సన్నటి వీధి ఉంది. వీధి చివర, ఊరి మొత్తంలో పల్లమైన చోట, అట్టముక్కలతో చేసిన ఒక పెద్ద తెల్ల మేడ.

"ఇదేమిటమ్మా?"

ఇల్లాలు ఆ మేడ మీదకు వంగింది. "కిటికీలన్నీ నేనే కోసి అతికించాను. అది ఆస్పత్రి."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోను తీశాడు. అవతలి గొంతు అందరికీ వినపడేలా పెట్టాడు. మోగింది, మోగింది, చివరికి ఒక నర్సు ఎత్తింది.

"సార్, మీరా? మేమే ఎవరికైనా చెయ్యాలనుకుంటున్నాం. వార్డులో నేల బండల సందుల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయండి. డ్రైనేజీ అనుకున్నాం. పొద్దున్నే వాటర్ వర్క్స్‌కి చెబితే సాయంత్రం మనిషిని పంపుతామన్నారు."

"నీళ్ళు ఏ రంగులో ఉన్నాయమ్మా?"

"ఎర్రమట్టి నీళ్ళండి. ఇందాకటికన్నా జోరు పెరిగింది. ఎందుకు సార్?"

"రోగులందర్నీ పై అంతస్తుకి చేర్చండి. ఇప్పుడే. నడవగలిగినవాళ్ళు నడవాలి, లేనివాళ్ళని మోయాలి. నేను మనుషుల్ని తీసుకుని వస్తున్నాను." ఫోను జేబులో వేసుకుంటూనే తాళంచెవి తీసి తమ్ముడి బేడీలు విప్పాడు. ఆ బేడీలే ఇంజనీరుకు తగిలించి కానిస్టేబులుకు అప్పగించాడు. లారీ మనుషుల్ని కేకేసి, తాళ్ళతో సహా ఎక్కమన్నాడు. "మేడం, మీరు నా జీపులో రండి. మొయ్యడానికి ఎన్ని చేతులున్నా చాలవు."

తమ్ముడు మణికట్లు రుద్దుకోలేదు. గుమ్మం దాకా పరుగెత్తి, వెనక్కి తిరిగాడు.

"వదినా, అన్నయ్య ఏ అంతస్తులో ఉన్నాడు?"

ఇల్లాలు ఆ అట్ట మేడకేసే చూస్తోంది. తను అతికించిన కిటికీల్లో అన్నిటికన్నా కింది వరస మీద వేలు పెట్టింది.

"కిందే," అంది. "కింద వార్డులోనే."